అప్‌డేట్: నాన్న ఇమాటినిబ్, కళ్ల కింద వాపు

నాన్నకు సీఎంఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్). రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మొదలుపెట్టాక కళ్ల కింద వాపు, వికారం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. మందు ఆపేయాలా అని అప్పట్లో ఇక్కడ అడిగాను. డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దన్నారు మీరు. అయినా మాకెవరికీ చెప్పకుండా నాన్న నాలుగు రోజులు మానేశారు! ఇంట్లో పెద్ద గొడవే అయింది.

వాపు ఈ మందుతో మామూలేనని డాక్టర్ చెప్పారు. వికారం మాత్రం ఖాళీ కడుపున వేసుకోవడం వల్లే. ఇప్పుడు అన్నం తింటూ, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటున్నారు, చాలా నయం. పిక్కలు ఇంకా పడుతున్నాయి.

మూడో నెల బీసీఆర్-ఏబీఎల్ (రక్తంలో ఈ క్యాన్సర్ జన్యువు ఎంతుందో చూసే) టెస్ట్‌లో 4 శాతం వచ్చింది. 10 లోపుంటే చాలట. ఏడాదికి 0.1కి దిగాలి. ఆరో నెల టెస్ట్‌కి ఇప్పట్నుంచే టెన్షన్.