పొద్దున పూట నీలం పొగ వదులుతున్న పాత వ్యాన్: వాల్వ్ సీల్సా, రింగులా?

తెనాలిలో మాది టెంట్ హౌస్. కుర్చీలు, వంట గిన్నెలు తోలడానికి 2017 మోడల్ బీఎస్-4 డీజిల్ వ్యాన్ ఒకటి చూశాం. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది, ధర 3.60 లక్షలు అంటున్నారు. ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ సరిగానే ఉన్నాయి.

ఇబ్బంది ఇంజిన్‌తోనే. మొదటిసారి మధ్యాహ్నం చూసినప్పుడు పొగ లేదు. కానీ అప్పటికే ఇంజిన్ వేడిగా ఉంది, ముందే స్టార్ట్ చేసి ఉంచినట్టున్నారు. అందుకే మర్నాడు పొద్దున ఆరింటికే వెళ్లాను. స్టార్ట్ చేయగానే పది పదిహేను సెకన్లు నీలం పొగ వచ్చి ఆగిపోయింది. లోడు లేకుండా 20 కిలోమీటర్లు తోలితే మళ్లీ కనపడలేదు. ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే కొద్దిగా ఆవిరి కొడుతోంది.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్క నుంచి ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపేవి) పోయాయన్నారు. ఇంకొకరు పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి, సిలిండర్లు బోరు చేయించాల్సిందే (లోపలి గోడలు కోసి సరిచేయించడం) అన్నారు. ఆ ఖర్చు పడితే ఈ బండి మాకు గిట్టదు. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చేయిద్దామంటే డీజిల్ ఇంజిన్‌కు పనికొచ్చే ప్రెషర్ గేజ్ ఉన్నవాళ్లు దొరకలేదు. ఓనర్ ఆదివారం దాకానే ఆగుతానన్నారు. పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఇంజిన్ విప్పకుండా, గేజ్ లేకుండా, లోపం సీల్స్‌లో ఉందా రింగుల్లో ఉందా అని తేల్చుకోవాలంటే ఏం చేసి చూడాలి?