అడ్డా మీద కూలీలకు అంబలి పోయాలంటే?

ప్రశ్న: మా టౌన్ కూలీల అడ్డాలో పని దొరకనివాళ్లు పదకొండు దాకా ఎండలోనే నిలబడుతున్నారు. ఈ ఏప్రిల్ నుంచి వంద మందికి రాగి అంబలి పోద్దామనుకుంటున్నాం. సరుకు ఎంత పడుతుంది? విరిగిపోకుండా ఎలా?

జవాబు 1: మనిషికి 300 మి.లీ. చొప్పున 30 లీటర్లు. రాగిపిండి కిలోన్నర, నూకలు అర కిలో, నీళ్లు 22 లీటర్లు, మజ్జిగ 6 లీటర్లు, ఉప్పు 150 గ్రాములు. రాత్రే పిండిని 5 లీటర్ల చన్నీళ్లలో కలిపి పులవనివ్వండి. తెల్లారి మిగతా నీళ్లలో నూకలు ఉడికాక, పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పండి. పొడిపిండి మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. పచ్చివాసన పోయాక దించండి. అంబలి బాగా చల్లారాకే మజ్జిగ కలపండి; వేడి మీద పోస్తే విరుగుతుంది. పులుపు కాబట్టి అల్యూమినియం వద్దు, స్టీలు గిన్నె వాడండి. మధ్యాహ్నానికి మిగిలింది పారబోయండి.

జవాబు 2: ఏడింటికల్లా గిన్నె అక్కడుండాలి, మేస్త్రీ వచ్చాడంటే గ్లాసు వదిలేసి పరుగెత్తుతారు. దయచేసి ఫొటోలు తీయకండి. ఆడవాళ్లు వెనక గోడ పక్కనే ఆగిపోతారు, రెండో గిన్నె అక్కడ పెట్టండి.

జవాబు 3: పనిలో పనిగా, భవన నిర్మాణ పనివాళ్లని కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందా అని అడగండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు అర్హులు. చాలామంది రెన్యువల్ మర్చిపోతారు, ఆ తేదీ కూడా చూడండి.

జవాబు 4: రోజూ కుదరకపోతే సోమ, గురువారాలు చాలు. కానీ చెప్పిన రోజు మాత్రం తప్పొద్దు, దాన్ని నమ్ముకుని ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లుంటారు.