పాత 486: ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’ దగ్గరే ఆగిపోతోంది

అరండల్‌పేట అచ్చుపని:
రాత్రి తొమ్మిదికి కూర్చున్నాను, ఇప్పుడు రెండున్నర. ఇక నా వల్ల కావడం లేదు. గుంటూరులో మా నాన్నగారి ప్రెస్సులోని 486 కంప్యూటర్ ఇది. మెమరీ లెక్కపెట్టి, ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’ అని చూపించి ఆగిపోతోంది. డాస్ 6.22 (పాత ఆపరేటింగ్ సిస్టమ్) ఫ్లాపీతో బూట్ అవుతోంది కానీ, సి డ్రైవ్‌కు వెళ్తే ‘ఇన్‌వాలిడ్ మీడియా టైప్’ అంటోంది. డిస్కు విభాగాలు చూపే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాంలో డిస్క్ 504 ఎంబీ, అందులోని విభాగం (పార్టిషన్) 124 ఎంబీ, యాక్టివ్‌గానే ఉంది. మిగతా 380 ఏమైంది? నాన్నగారు ఏళ్ళ తరబడి కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేసి డాస్ మళ్ళీ ఎక్కించమంటారా?

డాస్ మిత్రుడు:
ఫార్మాట్ వద్దు. డిస్కు పిన్నుల మీది జంపర్ (చిన్న తొడుగు) మాస్టర్ మీదే, అంటే ప్రధాన డిస్కు స్థానంలోనే ఉందా?

తెనాలి రేడియో:
ముందు మదర్‌బోర్డు చూడండి. చిన్న పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే వెంటనే తీసేయండి. అది కారి రాగి దారులను తినేస్తుంది. ఆకుపచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తే వెనిగర్‌లో ముంచిన దూదితో తుడవాలి, కారేది క్షారం కాబట్టి. ఆ తరువాత స్పిరిట్‌తో. ఎన్ని మంచి బోర్డులు ఇలా పోయాయో! దయచేసి ఎవరూ నిర్లక్ష్యం చేయకండి.

అరండల్‌పేట అచ్చుపని:
జంపర్ సరిగ్గానే ఉంది. బ్యాటరీ పోయిన వారమే మార్పించానండీ, దానికీ దీనికీ సంబంధం లేదని రాయలేదు. బ్యాటరీ తీసినప్పుడు సెటప్‌లో డిస్కు కొలతలు పోతే, మనమే అంకెలు ఇచ్చుకునే టైపు 47లో సిలిండర్లు 1024, హెడ్లు 16, సెక్టర్లు 63 అని ఇచ్చాను. పాత బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రాం) 504 ఎంబీ వరకే తీసుకుంటుందని చదివాను.

బందరు రోడ్డు:
504 కాదు, 528.

డాస్ మిత్రుడు:
రెండూ ఒకటే. 52,84,82,304 బైట్లు. ఎంబీకి పది లక్షలంటే 528, 1024 లెక్కన 504.

బందరు రోడ్డు:
డిస్కు మీద ముద్రించేది పది లక్షల లెక్కే. కొనేవాళ్ళు చూసేది కూడా అదే. కాబట్టి 528 అనడమే సరి.

డాస్ మిత్రుడు:
ఎఫ్‌డిస్క్ 504 అంటుంది. ఇక అసలు సంగతి. అచ్చుపని గారూ, డిస్కు లేబుల్ మీద సిలిండర్లు, హెడ్లు, సెక్టర్లు ఎన్ని?

అరండల్‌పేట అచ్చుపని:
విప్పి చూశాను. 1001, 15, 17.

డాస్ మిత్రుడు:
380 ఎక్కడికీ పోలేదు, అసలు లేనే లేదు. మీది 130 ఎంబీ డిస్కు, 1024 లెక్కన 124. ట్రాకుకు, అంటే డిస్కు మీది ఒక్కో వలయానికి, 17 సెక్టర్లు (చిన్న ముక్కలు) కాబట్టి పార్టిషన్ 18వ సెక్టర్ దగ్గర మొదలవుతుంది. మీరు 63 అన్నారు కనుక బూట్ సమయంలో 64వ దాని దగ్గర వెతుకుతోంది. పార్టిషన్ పట్టిక మొట్టమొదటి సెక్టర్‌లోనే ఉంటుంది, అందుకే ఎఫ్‌డిస్క్‌కు కనిపిస్తోంది. లేబుల్ అంకెలు ఇవ్వండి. డిస్కు మీద ఇంకేమీ రాయకండి.

తెనాలి రేడియో:
తీసిన బ్యాటరీ ఎలాంటిదో చెప్పలేదు. కారిందా?

అరండల్‌పేట అచ్చుపని:
సి వచ్చింది! ఫైళ్ళన్నీ ఉన్నాయి. ధన్యవాదాలు. కాపీ తీయాలంటే 90 ఫ్లాపీలు కావాలి.

డాస్ మిత్రుడు:
ఫ్లాపీలెందుకు? రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే ఇంటర్‌లింక్ ప్రోగ్రాం మీ డాస్‌లోనే ఉంది. ప్యారలల్ పోర్టు ఉన్న మరో పాత కంప్యూటర్, మధ్యలో కేబుల్ చాలు.

అరండల్‌పేట అచ్చుపని:
ఆ కేబుల్ విజయవాడ గవర్నర్‌పేటలో ఎవరి దగ్గరైనా దొరుకుతుందా?