వీఎస్ కోడ్‌లో ఒక్కో విండోకి ఒక్కో క్లస్టర్ కట్టేయడం ఎలా?

ఉబుంటు 22.04లో వీఎస్ కోడ్ (కోడ్ ఎడిటర్) రెండు విండోలు తెరిచి, కుబర్నెటీస్ (సర్వర్ల గుంపు, అంటే క్లస్టర్ మీద యాప్‌లు నడిపే సిస్టమ్) ఎక్స్‌టెన్షన్‌తో ఒకదాంట్లో స్టేజింగ్ (పరీక్షలకి వాడేది), ఇంకోదాంట్లో ప్రొడక్షన్ (అసలు యూజర్లు వాడేది) క్లస్టర్ చూస్తున్నానండి. ఒకచోట కాంటెక్స్ట్ (ఏ క్లస్టర్‌తో పనిచేయాలో చెప్పే ఎంపిక) మారిస్తే రెండోచోటా మారిపోతోంది. కరెంట్-కాంటెక్స్ట్ ఉండేది ఒకే కాన్ఫిగ్ ఫైల్లో కాబట్టి అలా జరుగుతోందని అర్థమైంది.

ఫైల్‌ని రెండుగా విడదీసి, కాన్ఫిగ్ ఫైల్ ఎక్కడుందో చెప్పే క్యూబ్‌కాన్ఫిగ్ వేరియబుల్లో కోలన్ పెట్టి రెండూ ఇచ్చి చూశాను, లాభం లేదు. తర్వాత వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో టెర్మినల్ ఎన్విరాన్‌మెంట్‌కి స్టేజింగ్ ఫైల్ ఒక్కటే ఇచ్చాను. ఇప్పుడు టెర్మినల్లో గెట్ పాడ్స్ కమాండ్ కొడితే స్టేజింగ్ పాడ్‌లే (నడుస్తున్న యాప్ యూనిట్లే) వస్తున్నాయి, పక్కనున్న ఎక్స్‌టెన్షన్ ట్రీలో (క్లస్టర్ల జాబితాలో) మాత్రం ఇంకా ప్రొడక్షనే యాక్టివ్‌గా ఉంది. ఆ ట్రీలో డిలీట్ ఆప్షన్ కూడా ఉంటుంది, అదే నా భయం.

టెర్మినల్‌తో పాటు ఎక్స్‌టెన్షన్ కూడా ఆ విండోకి ఇచ్చిన ఫైల్‌నే చదవాలంటే ఏ సెట్టింగ్, ఎక్కడ పెట్టాలి?