ది ఇంగ్లిష్ కన్సర్ట్ రికార్డింగుల్లో శృతి తగ్గిందెందుకు?

ప్రశ్న: ట్రెవర్ పినక్ హార్ప్సికార్డ్ (పియానోకి ముందటి, తీగలు మీటే కీబోర్డు వాయిద్యం) వాయిస్తూ నడిపించిన ది ఇంగ్లిష్ కన్సర్ట్ బృందం పాత రికార్డింగులు వింటున్నానండీ. నా పియానోతో పోలిస్తే అర మెట్టు కిందికి ఉంది. రికార్డింగులో లోపమా?

జవాబు: కాదండీ. బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) వాయించే ఇలాంటి బృందాలు సాధారణంగా ‘ఎ’ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కి శృతి చేస్తాయి. మీ పియానో 440. అందుకే ఆ అర మెట్టు తేడా.

ఇంకో జవాబు: నేను బరోక్ వయొలిన్ వాయిస్తాను. టూర్లలో పేగు తీగలతోనే (జంతువుల పేగుతో చేసినవి) యాతన. హాల్లో చెమ్మ మారితే చాలు, శృతి కదిలిపోతుంది. పై తీగ మీద సన్నటి పోగు లేచిందంటే ఇక తెగబోతున్నట్టే. స్టూడియోలోనైతే ఆపి మార్చుకోవచ్చు, వేదిక మీద గుండె దడదడే. అయినా ఆ గరుకు నాదం ఉక్కు తీగకి రాదండీ.

ప్రశ్న అడిగినవారు: ఆ గరుకుతనం కోసమే మళ్ళీ వింటాను. థాంక్సండీ!