చెయ్యెత్తితే కోటంతా పైకి లేస్తోంది – 1790ల నావికుడి వేషం, కాస్త సాయం చెయ్యండి

తెరవెనక_తిప్పలు:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఆఫీసులయ్యాక రిహార్సల్స్ చేసుకునే చిన్న నాటక బృందం. ఈసారి కథ 1790ల్లో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో జరుగుతుంది, మరమ్మతుకొచ్చిన ఒక ఇంగ్లిష్ ఓడ చుట్టూ. నాది ఆ ఓడలో మామూలు నావికుడి వేషం. కోటు మాత్రం అచ్చం ఆ కాలం నాటిదిలా ఉండాలని మా డైరెక్టర్ పట్టు. నెట్‌లో బ్రిటిష్ నేవీ అడ్మిరల్ నెల్సన్ కోటు ఫొటోలూ, ఇంకేవో సెయిలర్ బొమ్మలూ మా వీధి టైలర్‌కి చూపించి ముదురు నీలం బ్లేజర్ గుడ్డతో కుట్టించాను. మోకాళ్ల దాకా వచ్చింది, ఇత్తడి గుండీలు, వీపు మీద పెద్ద చదరపు కాలరు, దానికి మూడు తెల్ల గీతలు. అద్దం ముందు హీరోలానే ఉన్నాను. నిన్న తాడు లాగే సీన్‌లో రెండు చేతులూ ఎత్తేసరికి కోటంతా లేచి కాలరు చెవుల దాకా వచ్చింది, అందరూ ఒకటే నవ్వు. టైలర్ చంక దగ్గర ఇంకాస్త వదులు చేస్తానంటున్నాడు. చేయించనా? వేరే తప్పులున్నా మొహమాటం లేకుండా చెప్పండి. ప్రదర్శనకి ఇంకా ఐదు వారాలుంది.

సూదిమొన:
ముందు ఆయన చేతిలోంచి కత్తెర తీసుకోండి! చంక వదులు చేస్తే ఇంకా ఎక్కువ లేస్తుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ చంక కోత ఎంత కిందికి దిగితే చెయ్యి లేచినప్పుడు అంత కోటుని తనతో లాక్కుపోతుంది. కోత చంకకి ఆనుకుని చిన్నగా ఉంటే చెయ్యి మాత్రమే లేస్తుంది, ఒళ్లు ఉన్నచోటే ఉంటుంది. మీరు చెప్పిన కాలంలో కోట్ల కట్టింగే అది. చిన్న చంక, ఇరుకు వీపు, భుజం కుట్టు భుజం మీద కాకుండా వీపు వైపుకి జారి ఉంటుంది, చెయ్యి రెండు ముక్కలతో మోచేతి దగ్గర వంపు తిరిగి ఉంటుంది. ఆ కోటు వేసుకుని చేతులు కిందికి వేలాడదీస్తే మోచేతి దగ్గర ముడతలు పడతాయి, అది తప్పు కాదు, అలాగే పడాలి.

కోసిన గుడ్డ మళ్లీ రాదు కాబట్టి ఇలా ట్రై చెయ్యండి. చేతులు విప్పేసి, భుజం కుట్లు విప్పి, ముందు వెనక భాగాలు రెండింటినీ భుజం దగ్గర ఓ అంగుళంన్నర పైకి లాగి పిన్నులు పెట్టండి. కోటుతోపాటు చంక కూడా పైకి వస్తుంది. మెడ మళ్లీ గీసుకోవాలి, చంక చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి చెయ్యి కింది కుట్టులో కూడా అంత తగ్గించాలి. మిషన్ మీద పెట్టకుండా ముందు కచ్చా కుట్టు వేసి, వేసుకుని, చేతులెత్తి చూడండి. చంకలో కాస్త పట్టినట్టు అనిపిస్తే సరిగ్గా కుదిరినట్టే.

ఉప్పుగాలి:
చంక సంగతి పైన చెప్పేశారు, నేను కాలం సంగతి చెప్తా. అసలు మీరు కుట్టించింది ఇద్దరు వేర్వేరు మనుషుల కోటు అన్నా 😄

నెల్సన్ కోటు వైస్ అడ్మిరల్‌ది. 1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో గుండు దిగిన కన్నం ఎడమ భుజం దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది, గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది. బ్రిటిష్ నేవీలో ఆఫీసర్లకి 1748లోనే యూనిఫామ్ పెట్టారు, మామూలు నావికులకి మాత్రం 1857 దాకా పెట్టలేదు. మీ చదరపు కాలరు మీ కథ తర్వాతి కాలం సరుకు, దాని మీద మూడు గీతలు ఖాయమైంది ఆ 1857లోనే. గీతలు నెల్సన్ మూడు విజయాలకి గుర్తు అని ఎవరైనా చెప్తే నమ్మకండి, అది తర్వాత పుట్టిన కథ.

మీ కథ నాటికి నావికుడు ఓడలో సరుకుల లెక్కలు చూసే పర్సర్ దగ్గర రెడీమేడ్ బట్టలు కొనుక్కునేవాడు, డబ్బు జీతంలో కోసేవారు. లేదా తనే కుట్టుకునేవాడు, తెరచాప కుట్టే చేతికి చొక్కా ఓ లెక్కా. వేసుకున్నది పొట్టి జాకెట్, తుంటి దాకా అంతే. తాళ్ల నిచ్చెనలు ఎక్కేవాడికి మోకాళ్ల దాకా వేలాడే గుడ్డ ఎక్కడో ఒక దగ్గర చిక్కుకుంటుంది మరి. చేతి చివర చిన్న చీలిక, దానికి రెండు మూడు గుండీలు, పనున్నప్పుడు విప్పి పైకి మడుచుకోవచ్చు. రోలండ్‌సన్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1799లో ఓడ మనుషుల బొమ్మలు వేశాడు, సెయిలర్, వంటవాడు, వడ్రంగి అందరూ ఉంటారు, టైలర్‌కి అవి చూపించండి. మెడకి రుమాలు కట్టండి. బండానా అన్న మాటే మన బాంధ్నీ అద్దకం నుంచి పోయింది, కాబట్టి చుక్కల పట్టు రుమాలు కడితే ఎవడూ నోరెత్తడు.

గొంగడి_మామ:
బ్లేజర్ గుడ్డ అన్నారు కదా, లోపలి అంచు నుంచి ఒక పోగు తీసి అగ్గిపుల్ల పెట్టండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే పొడైతే ఉన్ని. కరిగి గట్టి పూసైతే పాలిస్టర్. అప్పటి ఉన్ని గుడ్డని నీళ్లలో దంచి దట్టం చేసేవాళ్లు, కోసిన అంచు పోగులూడదు, అందుకే చాలాచోట్ల మడవకుండా అట్లే వదిలేసేటోళ్లు. పాలిస్టర్‌తో ఆ పని చేస్తే మొదటి షోకే కుచ్చులు వేలాడతాయి. మళ్లీ కుట్టించే ఓపికుంటే పాత మిలిటరీ కంబళి, నూటికి నూరుపాళ్లు ఉన్నిది, దొరికితే వేడినీళ్లలో సబ్బేసి బాగా పిసకండి, ముడుచుకుని దట్టమవుతుంది. కోసేముందే చెయ్యాలి సుమా, నేనొకసారి కోసి ఉతికాను, మా మనవడికి సరిపోయింది.

మన గొంగడి అయితే ఎట్లుంటదని నేనూ చూశాను. ముతక, చింతగింజల గంజి పట్టించిన బిరుసు, చంక దగ్గర వంపు తిరగదు. పైన కప్పుకునే వేషానికైతే మస్తుంటది గానీ కోటుకి వద్దు.

సూదిమొన:
మిషన్ గురించి ఒక మాట. కుట్టుమిషన్లు 1850 ప్రాంతంలో గాని విరివిగా వాడుకలోకి రాలేదు, అప్పటిదాకా అన్నీ చేతి కుట్లే, తేనెమైనం రుద్దిన నార దారంతో. మీరు మొత్తం చేత్తో కుట్టక్కర్లేదు, లోపల మిషన్ వేసుకుని బయటికి కనబడే అంచులు, కాజాలు మాత్రం చేత్తో చేయించండి. మిషన్ కాజా మొదటి వరస ప్రేక్షకుడికి కూడా తెలిసిపోతుంది. పత్తర్‌గట్టీ వైపు షేర్వానీలు కుట్టే మాస్టర్లని అడిగి చూడండి, చేతి కాజా పని వాళ్లకి తెలుసు. ఇత్తడి గుండీల మీద లంగరు బొమ్మ ఉంటే తీసేయండి, అది ఆఫీసర్లది. చెక్క బిళ్ల మీద అదే గుడ్డ చుట్టినా చాలు.

తెరవెనక_తిప్పలు:
అందరికీ థాంక్స్, వారం తర్వాత వస్తున్నా. అగ్గిపుల్ల పెట్టాను, గట్టి పూస. సగం సగం కూడా కాదు, పూర్తి పాలిస్టర్. సరే, కొత్తది కుట్టించే బడ్జెట్ లేదు కాబట్టి దీన్నే తుంటి దాకా కోయించి అంచులు మడిపించాను, కాలరు ఊడదీయించాను, భుజం దగ్గర అంగుళంన్నర లాగి కచ్చా కుట్టు వేయించాను. మాస్టర్ గొణుగుతూనే చేశాడు. వేసుకుని చేతులెత్తితే అంచు రెండు వేళ్లు మాత్రం కదిలింది! ఆయన నా చుట్టూ రెండుసార్లు తిరిగి, నన్ను ఇంకోసారి చెయ్యెత్తమని, "నా షేర్వానీలకి కూడా ఇట్లే పెడతా" అన్నాడు. కోసిన గుడ్డ మిగిలింది, గుండీలకి సరిపోతుంది. ఒక్కటే డౌటు, స్టేజి లైట్ల కింద దీంతో గంటన్నర ఉండగలనా?

ఉప్పుగాలి:
ఉండకండి. కోరంగి ఎండలో వాళ్లు మాత్రం పనిలో ఉన్ని తగిలించుకుని తిరిగేవాళ్లా, చొక్కా, తెల్ల కాన్వాసు ప్యాంటుతో ఉండేవాళ్లు. తాడు లాగే సీన్‌కి ముందు జాకెట్ విప్పి పక్కన పడేయండి, డైరెక్టర్‌కి అదీ ఆ కాలం పద్ధతే అని చెప్పండి.

తెరవెనక_తిప్పలు:
ఇంత కష్టపడి చంక సరిచేయించాక ఆ సీన్‌కే విప్పేయమంటారా 😭