రెండేళ్ళ బుడ్డోడు, ఆరుగురు పెద్దలు, సింగపూర్ ఐదు రోజులు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

బుడ్డోడి_అమ్మ
డిసెంబర్ 18 రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరి 23న తిరిగొస్తాం. నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఆడపడుచు, వాళ్ళాయన, మా బుడ్డోడు. వాడికి 20న రెండేళ్ళు నిండుతాయి, పుట్టినరోజు అక్కడే చేద్దామని. స్ట్రోలర్ ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళాలా? హోటల్లో మూడు గదులా, వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంటా? అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి తినరు. ఒకటి రెండు రాత్రులు మేం నలుగురం బయటికెళ్తే వాడు ఆవిడ దగ్గర ఉంటాడు, ఆ దిగుల్లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
అవన్నీ తర్వాత, ముందు ఫ్లైట్ టైమ్ చూసుకోండి. మేం అర్ధరాత్రి ఎక్కాం. ప్రయాణం నాలుగున్నర గంటలు, అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే ఆ రాత్రి మనకి లేనట్టే. పొద్దున్నే హోటల్‌కి చేరితే గది మూడింటికి ఇస్తామన్నారు. లాబీ సోఫాకి ఈ చివర మా అమ్మ, ఆ చివర మా అత్తగారు, మధ్యలో కార్పెట్ మీద చున్నీ పరిచి పాపని పడుకోబెట్టాం. మా బావమరిది మాత్రం స్విమ్మింగ్ పూల్ ఎన్నో అంతస్తులో అని కనుక్కుంటున్నాడు. ముందు రాత్రికి కూడా గది తీసుకోండి. డబ్బు పోతే పోయింది.

టాంపినీస్_తెలుగోడు
పన్నెండేళ్ళుగా సింగపూర్‌లోనే ఉన్నాను, రాసుకోండి. అపార్ట్‌మెంట్ ఆలోచన మానెయ్యండి. మామూలు ఫ్లాట్లని మూడు నెలల కంటే తక్కువ రోజులకి అద్దెకివ్వడం ఇక్కడ నేరం. మనవాళ్ళ దుకాణాలుండే లిటిల్ ఇండియా పేటలో హోటల్ తీసుకుంటే అత్తయ్యగారి భోజనం సంగతి అక్కడి సెరంగూన్ రోడ్డులో శాకాహార హోటళ్ళే చూసుకుంటాయి. తిరిగేటప్పుడు ట్యాక్సీనే పిలవండి. 1.35 మీటర్ల ఎత్తు లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, ట్యాక్సీలకి మాత్రం మినహాయింపు ఉంది. యాప్‌లో వచ్చే ప్రైవేటు కారుకి లేదు. డ్రైవరు పిల్లాణ్ణి చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతే తిట్టుకోకండి.

లెక్కల_మాస్టారు
20న రెండేళ్ళు నిండితే 23న వాడు ఇన్‌ఫెంట్ (ఒళ్ళో కూర్చునే రెండేళ్ళలోపు బిడ్డ) కాదమ్మా. తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.

గుంటూరు_కారం
వంటిల్లు ఎందుకండీ, బుల్లి రైస్ కుక్కర్ ఒకటి చాలు. మేం తొమ్మిది మందిమి వెళ్ళాం, బయట తిన్నది ఒక్క పూట! నేను కందిపొడి, నువ్వుల పొడి, మా తోటికోడలు కోడికూర మసాలా, ఒక సంచిడు ఎండుకొబ్బరి చిప్పలు. అన్నీ చెక్-ఇన్‌లో వేశాం. ఎవడూ అడగలేదు.

సిరి_నాన్న
ఆ మసాలాలో గసగసాలు ఉన్నాయా?

గుంటూరు_కారం
గసగసాలు లేని కోడికూర మీ ఇంట్లో వండుతారేమో, మా ఇంట్లో వండరు.

సిరి_నాన్న
అయితే మీరు అదృష్టవంతులు. అవి నల్లమందు మొక్క గింజలు. సింగపూర్‌లో నిషేధం, నార్కొటిక్స్ వాళ్ళ వ్యవహారం. ఎండుకొబ్బరి చిప్పలైతే మన ఎయిర్‌పోర్టులోనే పక్కన పెట్టించాలి. నూనె ఎక్కువ, వేడికి అంటుకుంటాయని 2022 నుంచి చెక్-ఇన్‌లో కూడా ఒప్పుకోవడం లేదు.

గుంటూరు_కారం
మా నాయనమ్మ ఎనభై ఏళ్ళు గసగసాలు తింది, ఒక్కరోజు మత్తుగా తూలలేదు. కిరాణా కొట్లో దొరికేదాన్ని డ్రగ్స్ అంటారేంటండీ? తెలిసీ తెలియక భయపెట్టకండి.

దుబాయ్_రిటర్న్
ఆయన చెప్పింది నిజమేనమ్మా. దుబాయ్‌లో ఇంకా గట్టి. కొత్తగా వచ్చేవాళ్ళకి మా క్యాంపులో మొదట చెప్పే మాటే అది: గసగసాలు తేవద్దు.

గుంటూరు_కారం
ఇక్కడ దుబాయ్ గురించి ఎవరడిగారు?

సిరి_నాన్న
రైస్ కుక్కర్ గురించి కూడా ఎవరూ అడగలేదు.

టాంపినీస్_తెలుగోడు
పన్నెండేళ్ళుగా నేను కూరలో జీడిపప్పు ముద్దతో నెట్టుకొస్తున్నాను. సరదాకి అనుకుంటున్నారా?

పదిహేడు_దేశాలు
17 దేశాలు తిరిగిన అనుభవంతో చెప్తున్నా, తిండి గోల వదిలి చూడాల్సినవి చూడండి. జురాంగ్ బర్డ్ పార్క్ పిల్లలకి తప్పనిసరి.

టాంపినీస్_తెలుగోడు
అది 2023 జనవరిలోనే మూసేశారు సార్. పక్షులన్నీ మండాయ్‌కి వెళ్ళిపోయాయి, జూ పక్కన. మీ 17లో ఇది ఎన్నోది?

తాతయ్య_64
పొడుల పంచాయతీ అయితే ఒక మాట. "వాడు ఆవిడ దగ్గర ఉంటాడు, ఆ దిగుల్లేదు" అని రాశావు తల్లీ. ఆవిణ్ణి అడిగావా? నిరుడు మా అబ్బాయి మమ్మల్నీ సింగపూర్ తీసుకెళ్ళాడు. ఫోటోల్లో చూస్తే అన్నీ తిరిగినట్టే ఉంటాం. యూనివర్సల్ స్టూడియోస్‌లో వాళ్ళు రైడ్లు ఎక్కుతుంటే మేం మనవడితో బెంచీ మీద నాలుగు గంటలు. ఎత్తు చాలదని వాణ్ణి ఎక్కనివ్వరు, మోకాళ్ళు సహకరించక మేం ఎక్కలేం. వాళ్ళు నైట్ సఫారీకి (రాత్రిపూట తెరిచే జూ) వెళ్ళిన రాత్రి వాడు పాలకి ఏడుస్తుంటే డబ్బా ఎక్కడుందో తెలియక మా ఆవిడ నాలుగు పెట్టెలూ విప్పింది. చివరికి కోడలి మేకప్ సంచిలో దొరికింది.

ఈఎంఐ_కొడుకు
క్షమించాలి, ఊరుకోలేకపోతున్నా. అప్పు చేసి అమ్మానాన్నల్ని విమానం ఎక్కిస్తే చివరికి మిగిలే మాట ఇదా? ఒక్క పూట మనవణ్ణి చూసుకుంటే ఆయాలైపోతారా? టికెట్లు ఎవరు కొన్నారో కూడా రాయండి.

తాతయ్య_64
మా ఇద్దరివీ నేనే కొన్నాను బాబూ. రిటైరయ్యాక వచ్చిన డబ్బు.

కూకట్‌పల్లి_కుర్రాడు
😬

టాంపినీస్_తెలుగోడు
నైట్ సఫారీలో ట్రామ్‌లో కూర్చోబెట్టి తిప్పుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అంతకంటే మంచిది లేదు. తాతగారూ, మిమ్మల్ని తీసుకెళ్ళనందుకు నాకే బాధగా ఉంది.

అరకు_పిల్ల
బాలి ఎవరైనా వెళ్ళారా, ఏడాది పాపతో?

బుడ్డోడి_అమ్మ
అందరికీ థ్యాంక్స్. ఈ థ్రెడ్‌ని మా ఆడపడుచు అత్తయ్యగారికి చదివి వినిపించింది. ఆవిడ ఏమీ అనలేదు, "ఆ తాతగారిది ఏ ఊరు?" అని మాత్రం అడిగారు. నైట్ సఫారీకి అందరం వెళ్తున్నాం. గసగసాలు డబ్బాలోకి వెనక్కి వెళ్ళిపోయాయి. ఏజెంటుకి ఆరు సీట్లు, ఒక ఇన్‌ఫెంట్ అని చెప్పేశాం, రేపు డబ్బు కట్టాలి. స్ట్రోలర్ గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

సిరి_నాన్న
జూలో అద్దెకిస్తారు. అయినా మీదే తీసుకెళ్ళండి. ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్లలో లిఫ్టులుంటాయి. డిసెంబర్‌లో వానలు కాబట్టి కవర్ మర్చిపోకండి.

లెక్కల_మాస్టారు
అమ్మా, నేను పైన రాసింది చదివారా?